బావ తీసేయించిన వాక్యం

ఈమధ్య మా ఊళ్ళోనే సుపేలా పేట నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, నేనూ మా బావా ఎప్పుడో రాసిన పాటల కంప్యూటర్ ప్రోగ్రామును తన యాప్‌లో కలుపుకోవచ్చా అని అడిగింది. ఉచితంగా వదిలిందే కదా, అడగడమెందుకని అనబోయి ఆగిపోయాను. బావ గుర్తొచ్చాడు. కళ్ళు చెమర్చాలి గానీ, ఇప్పుడు నాకు ఏదీ అంత తొందరగా రావడం లేదు.

బావంటే మా అక్క భర్త. మన తరానికి తెలుసు, భిలాయ్‌లో పుట్టిన మన పిల్లలకు తెలుగు మాట వచ్చేది గానీ అక్షరం వచ్చేది కాదు. చర్చిలో పాట ఎత్తుకుంటే పుస్తకం పట్టుకుని ఊరికే పెదవులు కదిపేవారు. అది చూడలేక, ఉక్కు ప్లాంటులో కంప్యూటర్ల దగ్గర పనిచేసే నేనూ, అక్షరాల పిచ్చి ఉన్న బావా కలిసి, తెలుగు పాట కింద అదే పాటను హిందీ అక్షరాల్లో చూపే ప్రోగ్రాము రాశాం. హిందీలో లేని పొట్టి ‘ఎ’కి ఏ గుర్తు పెట్టాలన్న దాని మీదే సెక్టర్ 4లోని మా క్వార్టర్లో వేసవంతా వాదించుకున్నాం.

ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే లైసెన్సు పెట్టాలనుకున్నాం. ఆ లైసెన్సు రాసే సంస్థ అప్పుడప్పుడూ దాని షరతులకు కొత్త వెర్షన్లు తెస్తుంటుంది. అప్పటికున్నది రెండోది; చాలామంది ‘రెండో వెర్షన్, లేదా ఆ తర్వాత వచ్చే ఏ వెర్షన్ అయినా’ అని రాసేవారు. బావ ఆ రెండో సగం చూసి ఉలిక్కిపడ్డాడు.

ప్లాంటుకు రాకముందు ఆయన దగ్గర్లోని కుమ్హారిలో ఒక చిన్న వర్క్‌షాపులో చేసేవాడు. చేరేటప్పుడు పెట్టిన సంతకంలో, ఇకముందు చేయబోయే నిబంధనలకూ కట్టుబడతానని ఉందట. కొన్నాళ్ళకు వాళ్ళు ఆదివారం సెలవు తీసేశారు. చర్చిలో పాట ఎత్తే మనిషి ఆదివారాలు లేత్ మెషీన్ ముందు నిలబడ్డాడు. ఇది అలాంటిది కాదు బావా, పాత షరతు ఎక్కడికీ పోదు, తీసుకునేవాళ్ళు రెంటిలో నచ్చినది ఎంచుకుంటారంతే అని ఎంత చెప్పినా వినలేదు.

“ఇంకా రాయని కాయితం మీద ఇప్పుడే సంతకం ఏటి మరదలా?” అన్నాడు. ‘రెండో వెర్షన్ మాత్రమే’ అని రాశాం.

ఇప్పుడీ అమ్మాయి యాప్ మూడో వెర్షన్ షరతులది. మాది ‘రెండోది మాత్రమే’ గనుక, దాంతో కలవాలంటే రాసిన ఇద్దరూ ఒప్పుకోవాలి. నేను సరేనన్నాను. బావ పోయాడు గనుక ఆయన హక్కు అక్కది. అన్నీ విడమరిచి, ఒప్పుకోకపోతే మన ప్రోగ్రాము చర్చిలో అది నడుస్తున్న పాత కంప్యూటర్‌తోనే పోతుందని కూడా చెప్పాను. అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది.

“ఆయన వద్దన్నదాన్ని నానెలాగ ఔనంటానే?” అంది.

నాకూ వాదించాలనిపించలేదు. అమ్మాయి మాత్రం కోయీ బాత్ నహీ ఆంటీ, పర్వాలేదు అని, తనే కొత్తగా రాసేసుకుంది. పొట్టి ‘ఎ’ కూడా చక్కగానే వచ్చింది.

నిన్న ఆదివారం పిల్లలు ఫోన్లు చూసి గట్టిగా పాడారు. మేం కోరుకున్నది అదే. అయినా లోపలేదో మొద్దుబారినట్టే ఉంది. అప్పట్లో ఒక్క మాట దగ్గర అంతసేపు ఆగే మనుషులుండేవారు, ఇప్పుడు ఆగితే పాట దాటిపోతుంది. నా ఫోన్‌లో యాప్ తెరవగానే, ఇకముందు మారబోయే వాటితో సహా పొడుగాటి షరతులు వచ్చాయి. పక్కన అక్క ఒకప్పుడు బావ ఎత్తే పాటే ఎత్తుకుంది. చదవకుండానే ‘ఒప్పుకుంటున్నాను’ అన్నచోట నొక్కేశాను.