తెల్లోడికి తెలిసిన రెండు దిక్కులు

మొన్న నెల్లూరులో బండి నడుపుతుంటే ఫోనులోని ఆడగొంతు ఎంతో మర్యాదగా ఎడమకు తిరగమంది, నేను అంతకన్నా మర్యాదగా కుడికి తిరిగాను. వెనక కూర్చున్న మా ఇంటావిడ, డిగ్రీ చదివి కూడా కుడి ఎడమలు తెలియని మనిషిని కట్టుకున్నందుకు తనను తానే ఓదార్చుకుంది. తెలియక కాదు, ఒక కుక్కతో కలిసి ఉద్యోగం చేసినవాడికి కుడి ఎడమల మీద నమ్మకం పోతుంది. ముప్పై దాటీ దాటకముందే జ్ఞాపకాలేమిటని పెద్దలు నవ్వితే నవ్వనీండి, నా ఈడువాళ్ళు నవ్వరు. మీటల ఫోనులో పాము ఆట ఆడినవాళ్ళందరం ఇప్పటికే పురాతన వస్తువులమని వాళ్ళకు తెలుసు.

చదువయ్యాక ఉద్యోగం నాకోసం ఎక్కడో వెతుకుతూ ఉంటుందని, అది దారి తప్పకూడదని, నేను ఇల్లు కదలకుండా కూర్చున్న రోజులవి. తోటపల్లి గూడూరు దగ్గర మా చిన్నాయనకు గొర్రెల మంద ఉండేది. పిల్లలు లేని ఆ ఇంట్లో మందే సంపాదన, మందే సందడి. మంద వెంట ఒక కుక్క. దాని పేరు తెల్లోడు, ఒళ్ళంతా కారునలుపు. ఇదేమి పేరని అడిగితే వాళ్ళమ్మ తెల్లగా ఉండేదని చిన్నాయన సమాధానం.

మా వైపు మంద కుక్కలు సాధారణంగా కాపలా కాస్తాయి, అంతకుమించి ఎవరూ ఆశించరు. చిన్నాయన మాత్రం తెల్లోడికి నాలుగు మాటలు నేర్పి మందను మళ్ళించే పని కూడా అప్పజెప్పాడు. 'సముద్రం' అంటే మందకు సముద్రం వైపున పోయి నిలబడాలి, అప్పుడు గొర్రెలు ఊరివైపు మళ్ళుతాయి. 'ఊరు' అంటే ఊరివైపున నిలబడాలి. 'ఆగు' అంటే ఆగాలి. 'చాలు' అంటే పని ముగిసింది, వచ్చెయ్యాలి. ఈ చివరి మాట తెల్లోడికి గిట్టేది కాదు. సెలవంటే మొహం మాడ్చుకునే ఉద్యోగిని నేను అక్కడే చూశాను, మళ్ళీ చూడలేదు.

ఆ ఏడు రొయ్యల గుంటలు పెరిగి కోతల తర్వాత మేతకు దొరికే పొలాలు మా దగ్గర కరువయ్యాయి. బుచ్చిరెడ్డిపాలెం పక్కన ఒక ఆసామి తన పొలంలో మంద కట్టడానికి ఒప్పుకున్నాడు. గొర్రెలు రాత్రిళ్ళు అక్కడే పడుకుంటే నేలకు ఎరువు, మనకు మేత, తిండిగింజలు. అన్నీ కుదిరాక చిన్నాయన గట్టుమీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. మందను అమ్మేద్దామని మంచంలోంచి నిర్ణయం ప్రకటించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. చిన్నమ్మ మంద వెంట తనే పోవడానికి గిన్నెలు మూట కట్టింది. తోడుకు నేను బయలుదేరాను. ఎవరూ పిలవలేదు, అంతకన్నా ఘోరం, ఎవరూ వద్దనలేదు.

మాకిచ్చిన చేనికి ఒకవైపు కాలవ, రెండోవైపు ఎవరో ఆలస్యంగా నాటుకున్న వరి, ఇంకా పచ్చగా. మొదటిరోజే గొర్రెలు ఆ పచ్చదనం వైపు మెడలు సాచాయి. ఆ వైపు తూర్పే కాబట్టి నేను ధీమాగా 'సముద్రం' అని కేకేశాను. తెల్లోడు లేచి, ముక్కెత్తి గాలి పీల్చి, నావైపు ఎంతో జాలిగా చూశాడు. ఇక్కడ సముద్రమెక్కడుంది నాయనా అన్నట్టు. ఉప్పుగాలి లేదు, హోరు లేదు. వాడు ఆలోచించుకునేలోగా గొర్రెలు వరిలో దిగాయి.

ఆసామి వచ్చి అరవలేదు. ఇంకొక్కసారి ఇట్లా జరిగితే తోలుకుపొమ్మని చల్లగా చెప్పి వెళ్ళాడు. సంగతి తెలిసి ఫోనులో చిన్నాయన కూడా అంతే చల్లగా అన్నాడు: "తోలుకొచ్చెయ్ అబ్బయా. గొర్రెలు కొనే భాయ్‌కి కబురు చేసినా."

అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. నా జీవితంలో అది అరుదైన సంఘటన కాబట్టి బాగా గుర్తుంది. ముందు కుడి, ఎడమ నేర్పబోయాను. మంద అవతల నాకెదురుగా నిలబడ్డ కుక్కకు నా కుడి ఎడమవుతుందన్న సంగతి పొద్దుగూకేదాకా నాకు తట్టలేదు. పొయ్యి దగ్గర నుంచి అంతా చూస్తున్న చిన్నమ్మ అడిగింది:

"దానికి నేర్పతా ఉండావా, దానికాడ నేర్చుకుంటా ఉండావా?"

మర్నాడు చిన్నాయన చేతే చెప్పిద్దామని ఫోను చేసి స్పీకరులో పెట్టాను. ఆ గొంతు వినగానే తెల్లోడు పనీ పాటా మరిచి, మూటల వెనక, చెట్ల వెనక చిన్నాయన కోసం వెతికాడు. ఎక్కడా దొరక్క నా దగ్గరికొచ్చి, మనిషిని ఎక్కడ దాచావని ఫోనును వాసన చూశాడు. చిన్నమ్మ ఎందుకో ఆ కాసేపు పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది. పొయ్యిలో నిప్పు బాగానే ఉంది.

వాడికి దిక్కులు తెలియవనీ, చోట్లు తెలుసుననీ అప్పటికి నా మట్టిబుర్రకెక్కింది. మా ఊళ్ళో కంటికి కనిపించి ముక్కుకు తగిలేవే చిన్నాయన మాటలయ్యాయి. ఇక్కడ కనిపించేవి వేరు. కాబట్టి తెల్లోణ్ణి వెంటబెట్టుకుని కాలవగట్టుకు పోవడం, 'కాలవ' అనడం, ఎండుచేప ముక్క పెట్టడం. వరి గట్టుకు పోవడం, 'పైరు' అనడం, ఇంకో ముక్క. మధ్యలో గొర్రెలు వరివైపు కదిలినప్పుడల్లా కుక్క కన్నా ముందు నేనే పరుగెత్తి అడ్డం నిలబడేవాణ్ణి. కాళ్ళు పగిలాయి, గొంతు పోయింది. కుక్క పని నువ్వే చేస్తా ఉంటే ఆ ఎండుచేప కూడా నువ్వే తినమని చిన్నమ్మ సలహా. తిన్నాను కూడా, అన్నంలోకి వేరే ఏమీ లేని పూట.

ఒకరోజు నేను కాలవలో బిందె ముంచుతుండగా, దారిన పోతున్న కోతమిషను పెద్ద చప్పుడు చేసింది. మంద మొత్తం బెదిరి వరివైపు పరుగందుకుంది. నేను పరుగెత్తినా అందదు. 'పైరు' అని అరిచాను. మిగిలిన గొంతంతా ఆ ఒక్క మాటకే ఖర్చయింది. గట్టుమీద పడుకున్న తెల్లోడు లేచి, ఈసారి గాలి వాసన చూడలేదు, నన్నూ చూడలేదు. మందను చుట్టి, వరికీ గొర్రెలకూ మధ్య పోయి నిలబడ్డాడు. ముందున్న పొట్టేలు ఆగింది, దాని వెనక అన్నీ ఆగాయి. బిందె మాత్రం కాలవలో కొట్టుకుపోయింది.

సాయంత్రం చిన్నమ్మ ఫోను చేసి చెప్పింది. "భాయ్‌కి రావద్దని చెప్పు. మంద ఈడనే ఉంటది."

అవతల నుంచి చిన్నాయన, కుక్క కూడు తిన్నదా అని మాత్రం అడిగాడు. నా కూడు గురించి ఎవరూ అడగలేదు.

ఆ మేతకాలం అక్కడే గడిపి ఇంటికొచ్చాం. చేతికర్ర మీద చిన్నాయన ఎదురొచ్చి, గొర్రెలను ఒక్కొక్కటిగా తడిమి, ఆఖరికి తెల్లోడితో 'సముద్రం' అన్నాడు. వాడు ఎంత సంబరంగా దూసుకుపోయాడో చెప్పలేను. సగందూరం పోయి ఆగిపోయాడు. మేం లేని ఆ కొన్నాళ్ళలో అక్కడ కొత్త రొయ్యల గుంటలు తవ్వి, చుట్టూ ఇనుపకంచె వేశారు. గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాల చప్పుడులో సముద్రపు హోరు వినిపించడం లేదు. వాడు కంచె దగ్గరే నిలబడి, ఇంతవరకే కదా అన్నట్టు వెనక్కి చూశాడు. చిన్నాయన 'చాలు' అన్నాడు.

తెల్లోడు పోయి చాలా కాలమైంది. మంద చిన్నదైంది కాని ఉంది; చిన్నాయనా ఉన్నాడు, ఇంకో కుక్కా ఉంది. పోయిన నెల వెళ్ళినప్పుడు చూశాను, దానికి ఆ వైపును 'కంచె' అని నేర్పాడు. తప్పేమీ లేదు, కనిపించేదే చెప్పాలని నిరూపించినవాణ్ణి నేనే. అదీ పిలవగానే పోతుంది, చక్కగా నిలబడుతుంది, మంచి కుక్క. కంచెకు అవతల, నాలుగు గుంటలు దాటాక, సముద్రం ఉన్నచోటే ఉంది. ఆ పేరు వింటే మాత్రం ఆ కుక్క చెవైనా కదపదు.