ముత్యపు చిప్పల దారి గీసిన గోడ

మెట్‌పల్లి, 1967 జూలై 9

మా మిషన్ బడి భూగోళం పంతులమ్మ మొన్న శుక్రవారం జ్వరంతో కన్నుమూసింది. సంతాప సభకు ముందు ఆమె తరగతి గోడకు సున్నం వేయిస్తామని కమిటీవాళ్లు నిన్న చెప్పారు. ఆమె మీద గౌరవంతోనేనట! బడి జమాఖర్చులు చూసేది నేను. ఆ ఖర్చుకు సంతకం పెట్టను. ఎందుకో అందరికీ తెలియాలని రాస్తున్నాను.

ఆ గోడ మీద ఆమె ప్రపంచపటం వేసింది, మనం అరుగులకు పూసే ఎర్ర జాజుతోనే. ఏ పిల్ల తండ్రి బొంబాయి మిల్లుకు పోయినా, మెట్‌పల్లి నుంచి అక్కడిదాకా ఆ పిల్ల చేతే గీత గీయించేది. వాటి పక్కన ఇంకో పొడవాటి గీత, గ్రీసు నుంచి ఆస్ట్రేలియాకు.

ఆ సంగతి ఆమె మిషన్‌కు వచ్చే పాత పత్రికలో చదివింది. ఆస్ట్రేలియా తీరాన ముత్యపు చిప్పల కోసం మునిగేవాళ్లు ఎక్కువగా జపాన్‌వాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్ల బదులు తెల్లవాళ్లే కావాలని అక్కడి దొరలు పట్టుబట్టి, గ్రీసు దీవుల్లో సముద్రంలో మునిగి స్పాంజీలు తీసేవాళ్లను రప్పించుకున్నారు. ఒకతను నీళ్లలోనే చనిపోయాడు. మిగిలినవాళ్లు ఆ పని వదిలేశారు.

"వాళ్లు గూడ మా బాపు లెక్కనే పోయిండ్రా, టీచర్?" అని అడిగింది నా మనవరాలు. దాని బాపు, అంటే నా కొడుకు, అప్పటికే బొంబాయిలో ఉన్నాడు.

"గంతే బిడ్డా. బతకటానికి పోయిండ్రు. పోయినోళ్ల తొవ్వ మనం యాది పెట్టుకోవాలె."

ఒకసారి ఇన్‌స్పెక్టర్ వచ్చారు. "ఈ గీత పాఠ్యపుస్తకంలో లేదే?" అన్నారు.

"పుస్తకంల లేదు సార్, మీ కోటు మీదున్నది. గా తెల్ల గుండీలు గసొంటి చిప్పలవే."

పిల్లలు నవ్వాపుకోలేకపోయారు. ఆయన చెయ్యి గుండీ మీదికి పోయింది. అయినా "చెరిపించవలెను" అని రాసి వెళ్లారు.

ఆమె చెరపలేదు. ఏటా వానలు వెలిశాక గీతలన్నీ మళ్లీ దిద్దేది. ఆస్ట్రేలియా దగ్గర, ఆ చనిపోయినతని కోసం, బొటనవేలితో ఒక చుక్క పెట్టేది. ఆ ఎర్రవేలితోనే మా ఇంటికి చాయ్‌కి వచ్చేది. కడుక్కోమంటే, "ఉండనీయ్ అక్కా, గింతన్న అంటుకొని ఉండనీ" అనేది.

ఇక జరగాల్సినవి:

1. గోడకు సున్నం పడదు.
2. ఆమె ఫోటో ఎదుటి గోడకు కట్టాలి.
3. బొంబాయి నుంచి తిరిగొచ్చిన తండ్రులు సభకు రావాలి. ఎవరి గీత వాళ్లు చూసుకోవాలి. నా కొడుకుకూ రాశాను.
4. వానలు వెలిశాక గీతలు నేను దిద్దిస్తాను. ఆస్ట్రేలియా దగ్గరి చుక్కను మాత్రం ఎవరూ ముట్టకూడదు. దాంట్లో ఆమె బొటనవేలి ముద్ర ఇంకా ఉంది.