దీపం వేళ ఆగిన రాక్షసుడు

చార్మినార్ దగ్గర గాజుల దుకాణం నడిపే రాజేశం ఏదైనా మంచి కంప్యూటర్ ఆట చెప్పమన్నాడు. గిరాకీ వచ్చి మధ్యలో వదిలేసినా ఓడిపోకూడదట. వంతులవారీగా పోరాడే పాత ఆట సీడీ ఇచ్చాను. మన వంతులో ఎంతసేపు ఆలోచించినా శత్రువు మీద పడడు.

ఈ సాయంత్రం వెళ్లేసరికి తెరమీద రాక్షసుడు కొనఊపిరితో ఉన్నాడు. ఇంకొక్క దెబ్బ చాలు. రాజేశమేమో మౌస్ వదిలేసి దేవుడి పటం ముందు దీపం వెలిగిస్తున్నాడు.

"ముందు వాణ్ణి కొట్టెయ్యవయ్యా!" అన్నాను, ఉండబట్టలేక.

"దీపం పెట్టే యాళ్ల సంపుడేంది అన్నా? జరసేపాగి చూద్దాం. వాడు ఆగుతడు గదా?"

ఆగాడు. వెలుగులో గాజులన్నీ మెరుస్తుంటే, తెరమీద వాడూ తలవంచి దండం పెట్టుకుంటున్నట్టే కనిపించాడు. ఇంటికి వెళ్తూ నయాపూల్ వంతెన దాటినా ఆ దృశ్యం నా కళ్లలోంచి పోలేదు. అంత మర్యాదస్తుడైన శత్రువు మీకెవరికైనా దొరికాడా?