దౌలత్‌బీ పెదవులు

తిరువూరులో మధిర రోడ్డు మీద నాగూర్ పరుపుల కొట్టు ఎక్కడని అడిగితే ఎవరైనా చెయ్యెత్తి చూపిస్తారు. అతని తల్లి దౌలత్‌బీని మాత్రం ఎవరూ చూపించనక్కర్లేదు. కొట్టు ముందు బల్ల మీద, తెల్లకొంగు తల మీదుగా కప్పుకుని, వినీ వినపడనంత మెల్లగా పెదవులు కదుపుతూ కూర్చున్న ముసలావిడ ఆమే. చేతిలో చిక్కుడుకాయలున్నా, దిండు గలీబు కుడుతున్నా ఆ పెదవులకు మాత్రం సెలవుండేది కాదు.

ఆ అలవాటుకు ఒక లారీ కారణం. ఆమె భర్త మామిడికాయల లారీ తోలేవాడు. రెడ్డిగూడెం తోటల్లో సరుకెక్కించుకుని ఉత్తరాదికి పోతే మళ్లీ కనపడేదాకా కబురుండేది కాదు. ఫోన్లు లేని రోజులు. లారీ చప్పుడు వీధి మలుపులో మాయమవగానే దౌలత్‌బీ దువా మొదలుపెట్టేది. అందులో అరబ్బీ ముక్కలు నాలుగే, మిగిలినదంతా తెలుగే. "అల్లా, బండి చల్లగా పోయి చల్లగా రానీ." వంట చేస్తూ అదే, చంటివాణ్ణి ఊపుతూ అదే. కేరళ ఒడ్డున చేపల పడవలు కనుమరుగయ్యేదాకా నిలబడే ఆడవాళ్లను చూసినవాళ్లెవరికీ ఈ సంగతి వింతగా తోచదు. మగవాళ్లు చేసే ప్రయాణాల్లో సగం బరువు ఇళ్లలోనే మోస్తారు. కాకపోతే దానికి కూలి ఎవరూ కట్టలేదు.

ఆయన ప్రతిసారీ తిరిగొచ్చాడు. చివరికి పోయింది కూడా ఇంట్లోనే, మంచం మీద, జ్వరంతో. రోడ్డు ఆయన్ను ఏమీ చెయ్యలేకపోయింది. తన పని తాను సరిగ్గా చేశానని దౌలత్‌బీకి గట్టి నమ్మకం.

లారీ పోయాక ఆ దువా మనవరాలు రెహానాకు దక్కింది. పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్న పిల్ల. నాయనమ్మే తల దువ్వింది, నాయనమ్మే బడికి దింపింది. పదో తరగతి పరీక్షలప్పుడు బడి గేటు బయట వేపచెట్టు కింద కూర్చుని పరీక్ష అయ్యేదాకా పెదవులు కదిపింది. మైలవరం వైపు ఇంజనీరింగు కాలేజీలో చివరి పరీక్ష దాకా అంతే. పిల్ల బయటికి రాగానే తల వంచేది, ముసలామె ఏదో గొణిగి నడినెత్తి మీద ఉఫ్‌మని ఊదేది. అప్పటికిగాని ఆ పరీక్ష పూర్తయినట్టు కాదు.

ఇప్పటి ఉద్యోగాల పరీక్షలకు గేట్లు లేవు. పూర్వం ఉద్యోగం కావాలంటే మనిషి చొక్కా ఇస్త్రీ చేసుకుని బస్సెక్కేవాడు. ఇప్పుడు కంపెనీయే కంప్యూటర్లో కూర్చుని ఇంట్లోకొస్తుంది. బెంగళూరులోని ఒక పెద్ద కంపెనీ అలాగే నాగూర్ ఇంట్లోకి, కొట్టు వెనక గదిలోకి, దొంతరలుగా పేర్చిన పరుపుల మధ్యకు వచ్చింది. ఇల్లంతటికీ గడియ పడే తలుపు ఆ గదికే ఉంది.

మొదటి ఇంటర్వ్యూ రోజున నాగూర్ దూది ఏకే మిషను ఆపేశాడు. గాలిలో బూరుగు దూది నెమ్మదిగా కిందికి దిగింది. ఎదురుగా ఇడ్లీబండి ప్రేమకుమారి రోడ్డు దాటి వచ్చింది.

"ఏంటన్నా, మిషను పాడయిందా?"

"లేదక్కా, రెహానాకు ఇంటర్వ్యూ. కాస్త నీ గ్రైండరు కూడా…"

"ఓరి నాయనో! పెళ్లిచూపులక్కూడా ఇంత నిశ్శబ్దం చూళ్లేదు. సరేలే, రేపు ఇడ్లీ గట్టిగా ఉందని ఎవడన్నా అంటే నీ పేరే చెప్తా."

ఆ ఇంటర్వ్యూ గట్టెక్కింది. తర్వాతదీ గట్టెక్కింది. రెండుసార్లూ దౌలత్‌బీ బల్ల మీదే ఉంది. ఇక ఆఖరిదొక్కటే మిగిలింది. అది దాటితే రెహానా ఆ కంపెనీలో ఇంజనీరు. దుమ్ము పీల్చి పీల్చి దగ్గుతున్న తండ్రి మిషను అమ్మెయ్యవచ్చు. ఆ ముక్క పైకి ఎవరూ అనలేదు గాని, నాగూర్ దగ్గినప్పుడల్లా ముగ్గురూ అదే అనుకునేవారు.

ఆఖరి ఇంటర్వ్యూ నాడు దౌలత్‌బీ బల్ల మీద కుదురుగా కూర్చోలేకపోయింది. లారీ అంటే దూరం పోయేది, కాబట్టి దూరం నుంచే చదివింది. ఈ పరీక్ష ఇంట్లోనే జరుగుతోంది కదా. పెద్ద పరీక్ష. ఇంత దూరాన కూర్చుంటే దువా పిల్లకు తగులుతుందా? నాగూర్ వినగడప నుంచి వచ్చిన బేరాన్ని రోడ్డు మీదే ఆపి గుసగుసగా మాట్లాడుతున్నాడు. రెహానా మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. దౌలత్‌బీ మెల్లగా లేచి, వెనక గదిలో గోడకూ పరుపుల దొంతరకూ మధ్యనున్న సందులోకి దూరి కూర్చుంది.

రెహానా వచ్చి తలుపు గడియ పెట్టుకుంది.

తెరమీద కనిపించిన పెద్దమనిషి నెమ్మదిగా ఇంగ్లీషులో మాట్లాడాడు. కొన్ని ఊళ్లు, వాటి మధ్య దారులు. ఒక ఊరినుంచి ఇంకో ఊరికి తక్కువ ఖర్చుతో సరుకు చేరాలి, ఎలా? రెహానా లోపల నవ్వుకుంది. మనసులో ఒక చుక్క తిరువూరు, ఒక చుక్క వినగడప, ఒక చుక్క రెడ్డిగూడెం. ఈ ఇంటర్వ్యూల్లో ఒక ఆచారముంది: మౌనంగా ఆలోచించకూడదు, ఆలోచన పైకి చెబుతూ ఉండాలి. ఆమె చెబుతోంది, తట్టనప్పుడు ఆగుతోంది, మళ్లీ చెబుతోంది. స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చుకున్న హెడ్‌ఫోన్లు చెవులు మూసేశాయి, వాటి మైకు నోటి పక్కనే ఉంది. ఈగ వాలినా పట్టుకునే రకం.

"రెహానా, మీ గదిలో ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు సార్."

మరి కాసేపటికి ఆయన మళ్లీ అడిగాడు. "ఎవరో చదువుతున్నట్టు వినిపిస్తోంది. మీరు ఆగినప్పుడల్లా మొదలవుతోంది. అది ఆగగానే మీకు జవాబు వస్తోంది."

నిజమే. పిల్ల మాట ఆగితే ముసలామెకు భయం, దువా అందుకునేది. పిల్ల గొంతు విప్పగానే మురిసిపోయి వింటూ ఆపేసేది.

"ఎవరూ లేరు సార్. తలుపు గడియ కూడా పెట్టాను." రెహానా గొంతులో కాస్త రోషం కూడా పలికింది. అబద్ధమాడే పిల్ల కాదు మరి.

"ఏమీ అనుకోకుండా లాప్‌టాప్ ఒకసారి గదంతా తిప్పి చూపిస్తారా?"

తిప్పింది. తలుపు, కిటికీ, దిళ్ల గుట్ట, పరుపుల దొంతర. దొంతర పక్కన తెల్లకొంగు. తెరలోని పెద్దమనిషి తనవైపే చూడటం గమనించి దౌలత్‌బీ గబగబా కొంగు సర్దుకుంది. చెయ్యి నుదుటిదాకా తెచ్చి సలాం చేసింది. నోట్లో మిగిలిన నాలుగు పళ్లూ కనపడేలా నవ్వింది. ఆయన చెయ్యి కూడా అలవాటుగా సగందాకా లేచింది. ఆ తర్వాత ఆయన దాన్ని దించేసుకున్నాడు.

"మా నాయనమ్మ సార్. ఇంగ్లీషు రాదు, అసలు చదువే రాదు. దువా చేస్తోంది. ఉందని నాకు తెలీదు సార్, నిజంగా తెలీదు."

"నమ్మాలనే ఉందమ్మా," అన్నాడాయన. కసురుకున్నా బాగుండేది. "కానీ ఎవరూ లేరని రెండుసార్లు చెప్పారు."

ఆ తర్వాత ఆయన ఇంకో రెండు ప్రశ్నలు అడిగాడు. మర్యాదకు అడిగేవి ఎలా ఉంటాయో రెహానాకు అప్పుడు తెలిసింది. తెర ఆరిపోయింది. దౌలత్‌బీ పరుపులు పట్టుకుని, మోకాళ్లు సవరించుకుంటూ పైకి లేచింది.

"తల్లీ, ఆ సారు మంచోడే! నేను సలాం పెడితే ఆయన కూడా చెయ్యెత్తాడు, చూశావా?"

రెహానాకు అరవాలనిపించింది. నాలుగేళ్ల చదువూ, తండ్రి దగ్గూ, అన్నీ కలిసి గొంతు దాకా వచ్చాయి. ఎదురుగా ఆ ముసలి మొహం పెళ్లికి వచ్చినంత సంతోషంగా ఉంది.

"చూశాను నాయనమ్మా," అని తల వంచింది. ముసలామె ఉఫ్‌మని ఊదింది.

సాయంత్రం కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ముందుకు తీసుకెళ్లలేమని, కొంతకాలం దాకా మళ్లీ ప్రయత్నించడానికి కూడా వీలుండదని తియ్యగా చెప్పింది. రెహానా కొట్టులోకి వెళ్లి మిషను నడుస్తుండగా తండ్రి చెవిలో జరిగినదంతా చెప్పింది. ఆ చప్పుడులో బల్లదాకా ఏమీ వినపడదు.

నాగూర్ చాలాసేపు దూది తోస్తూనే ఉన్నాడు. "లోపలికెప్పుడు పోయిందో నేను చూసుకోలేదమ్మా," అన్నాడు చివరికి. మిషనులోకి ఇంకో గుప్పెడు తోసి, "అమ్మకు చెప్పబాక," అన్నాడు.

"చెప్పను నాన్నా."

అప్పటికే దౌలత్‌బీ సగం వీధికి సలాం సంగతి చెప్పేసింది. "అయితే ఖాయమే పిన్నీ! మిఠాయి ఎప్పుడు?" అని ప్రేమకుమారి కేకేసింది. ఉద్యోగం రాలేదని నాగూరే తల్లికి చెప్పాల్సి వచ్చింది. ఖాళీలు నిండిపోయాయంట, అన్నాడు. ఆమె బల్ల మీద దిగాలుగా కూర్చుండిపోయింది.

"దగ్గరగానే కూర్చున్నానే. ఎక్కడ తక్కువ చదివానో ఏమో."

ఆ మాట విన్న రోజు రెహానా అన్నం ముట్టలేదు.

వానలు పడ్డాయి, పొలాల్లో పత్తి పగిలింది. విజయవాడలో ఒక చిన్న కంపెనీ రెహానాను ఇంటర్వ్యూకు పిలిచింది, అదీ ఆ వెనక గదిలోనే. జీతం తక్కువ. అది కూడా రాకపోతే ఇక కొట్టులో దిళ్లు కుట్టుకోవడమే. ఆ ఉదయం నాగూర్ మిషను ఆపి, గదిలోకి వెళ్లి, పరుపుల దొంతర పక్కకు జరిపి సందులోకి తొంగి చూశాడు. మంచం కింద కూడా చూశాడు.

బల్ల మీంచి దౌలత్‌బీ అదంతా చూస్తూనే ఉంది. లారీ మనిషి భార్య. బండి కదిలేముందు చక్రాల కింద రాయేమన్నా అడ్డం ఉందేమోనని క్లీనరు వంగి చూడటం ఆమె ఎన్నిసార్లు చూడలేదు! కొడుకు సరిగ్గా అలాగే వంగాడు. ఆ రోజు తెరలో సగంలో దిగిపోయిన చెయ్యి ఆమెకు గుర్తొచ్చింది. ఆ తర్వాత పిల్ల తల వంచిన తీరు గుర్తొచ్చింది.

మెల్లగా లేచి, ఎవరికీ చెప్పకుండా రోడ్డు దాటి ఇడ్లీబండి దగ్గర స్టూలు మీద కూర్చుంది. కొంగు ఉండ చుట్టి నోట్లో కుక్కుకుంది.

"ఏంటి పిన్నీ, పన్ను నొప్పా?" అంది ప్రేమకుమారి. అవునన్నట్టు తలూపింది.

ప్రశ్నకు ప్రశ్నకు మధ్య రెహానా కళ్లెత్తినప్పుడు కొట్టువైపు కిటికీలోంచి రోడ్డు అవతల ఆ మనిషి కనిపించింది. తర్వాతి ప్రశ్నకు జవాబు మధ్యలోనే తెగింది. అవతలి వాళ్లు నెట్ సరిగ్గా లేదనుకుని కాసేపు ఆగారు.

ఆ ఉద్యోగం వచ్చింది. నాగూర్ మిషను అమ్మడానికి సరిపోయే ఉద్యోగం కాదు, అయినా ఉద్యోగమే. దౌలత్‌బీ బల్ల మీదే కూర్చుంటోంది. చేతులు కుడుతూ ఉంటాయి, పెదవులు మాత్రం కదలవు. నీ తప్పేమీ లేదని చెప్పడానికి రెహానా రెండు మూడుసార్లు పక్కన చేరింది. అలా చెప్పాలంటే ముందు జరిగింది చెప్పాలి. ప్రతిసారీ లేచి వచ్చేసింది.

ప్రయాణం రోజు ముగ్గురూ బస్టాండుకు వచ్చారు. నాగూర్ సంచులు లోపల పెట్టి దిగాడు. విజయవాడ బస్సు ఇంజను మొదలైంది. రెహానా ఎప్పటిలాగే నాయనమ్మ ముందు తల వంచి నిలబడింది. నెత్తి మీద చెయ్యి పడింది. ఊపిరి మాత్రం తగల్లేదు.

"ఊదు నాయనమ్మా."

దౌలత్‌బీ అటూ ఇటూ చూసింది. బస్సు కిటికీల్లో జనం, కండక్టరు, ఫోను పట్టుకున్న కుర్రాళ్లు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వద్దులే తల్లీ. ఎవరన్నా వింటారు."

రెహానా బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు మలుపు తిరిగేదాకా ఆ పెదవులనే చూస్తూ ఉంది. అవి కదల్లేదు.