హీబా పట్టీ, శిబిరం డప్పు

ఐలవ్వ తన నడుముతో మాట్లాడింది. "ఆ నరేశూ, చెప్పు బిడ్డా, తిన్నవా?" అని అడిగి జవాబు కోసం ఆగింది. నడుము మళ్లీ బుర్రుమంది. "ఇనవడ్తలేదు, జర గట్టిగ చెప్పు" అన్నది.

ఎదురుగా కూర్చున్న హీబా తల పట్టుకుంది. "అవ్వా, గది ఫోను కాదు, పట్టీ! ఇప్పుడే కడ్తిని గద!"

"నాకేమెర్క? కొడుకు హుస్నాబాద్ నుంచి చేస్తే గూడ నడుం కాడ గిట్లనే గుర్రుమంటది."

మా గల్లీ దర్జీ అజ్మత్ కూతురు హీబా. ఇంజనీరింగ్ చివరి ఏడాది. హైదరాబాదులో ప్రమీలాదేవి మేడం ల్యాబులో ఇంటర్న్‌షిప్ దొరికింది. పని వినడానికి చిన్నదే. సెల్‌ఫోన్లను వణికించే బుల్లి మోటార్లను పట్టీకి కుట్టాలి. పట్టీలోని మైకు పాట విని, ఆ తాళానికి నడుము మీద తడుతుంది. పక్షవాతం వచ్చినవాళ్లు ఆ తట్టుకు అడుగు వేయడం నేర్చుకుంటారు. పక్కింటి ఐలవ్వకు ఎడమకాలు ఈడ్చుకుపోతోంది. మేడం పంపిన వీణ పాటకు ఆమె ఈ గోడ నుంచి ఆ గోడకు నడిస్తే అడుగుల లెక్క, విన్న తాళంతో సహా, పట్టీలోని చిప్పులోకి ఎక్కుతుంది. ఆ లెక్క ఈ వారం అందకపోతే హీబా జాగలో ఇంకొకరిని తీసుకుంటానని మేడం ముందే చెప్పేసింది.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేక హీబా ఇంటి దగ్గరే పని చేస్తోంది. కరెంటు ఎప్పుడొస్తుందో కరెంటుకే తెలియదు. పట్టీ కుట్టమంటే అజ్మత్‌కు ఉద్యమం బ్యానర్లతో తీరిక లేదు. చివరికి మిగిలిన బ్యానర్ ముక్కతోనే కుట్టి ఇచ్చాడు. వెనకవైపు 'జై' అన్న అక్షరం ఇంత లావున నిలిచింది.

"గిదేంది అబ్బాజాన్!"

"సాదా బట్ట యాడున్నది బేటీ? ఊరంత బ్యానరే."

సరే, సీడీ ప్లేయర్‌లో వీణ మొదలైంది. పట్టీ తట్టింది. ఐలవ్వ కదలలేదు.

"నడువవ్వా, నీ కాల్మొక్త!"

"గీ పాటకు నిద్రొస్తది గని కాలెట్ల లేస్తది?"

బతిమాలగా బతిమాలగా గోడ పట్టుకుని ఒక్క అడుగు వేసింది. అంతలోనే కరెంటు పోయింది. వీణ ఆగింది.

పట్టీది బ్యాటరీ కదా, దాని చెవి తెరిచే ఉంది. సందు చివర దీక్షా శిబిరంలో అప్పుడే డప్పు మొదలైంది. ఐలవ్వ నడుము దరువందుకుంది. ఈడ్చుకుపోయే కాలు లేచింది. చెయ్యి గోడను వదిలింది. ఐలవ్వ గడప దాటింది.

"అవ్వా, ఆగు! గది లెక్కకు రాదు!"

"నడువు నడువంటివి, నడుస్తుంటే ఆగుమంటివి. ఒక్క మాట మీద ఉండవేందే పోరీ!"

నడక మధ్యలో పట్టీ విప్పితే ఎక్కిన లెక్క చెరిగిపోతుంది. విప్పకపోతే డప్పు లెక్క ఎక్కుతుంది. హీబా చున్నీ జారుతున్నా చూసుకోక వెంట పరుగెత్తింది. శిబిరంలోవాళ్లు ఐలవ్వ నడుము మీది 'జై' చదివి "తెలంగాణ!" అని అందుకున్నారు. ఐలవ్వ పోయి ముందువరసలో కూర్చుంది. హీబాకు ఏడుపొచ్చింది. సంతోషంతో అని రాయాలని నాకూ ఉంది గాని, ఆ పిల్లకు వచ్చింది ఒట్టి కోపం.

మర్నాడు కరెంటు రాగానే ఉన్న లెక్కనే నెట్ సెంటర్ నుంచి పంపింది. సాయంత్రానికి మేడం ఫోను.

"ఏంటిది హీబా? నేను పంపిన వీణ ఏమైంది? గదిలో ఇన్ని అడుగులు ఎలా పడ్డాయి? ఆవిణ్ని నేను చెప్పినట్టు నడిపించడం కూడా చేతకాదా?"

హీబా గుమ్మంవైపు చూసింది. పట్టీ మళ్లీ కట్టమని ఐలవ్వ తనంతట తానే వచ్చి, కాలు ఆడిస్తూ నిలబడి ఉంది.

"మేడం, ఈడ అన్నీ బంద్ ఉన్నయి, నడిచేది డప్పొక్కటే, దాని ఎంబడి మా అవ్వ."