బ్రేక్ వ్యానుకి తాడు కట్టిన ఆదివారం

మనిషన్నాక ఏదో ఒక రోజు కొంప ముంచుకుంటాడు. అందులో వింతేమీ లేదు. నేను మాత్రం నా ఒక్కడి కొంపతో తృప్తి పడలేదు. మా మేనమామ కొంప, ఏ పాపమూ ఎరగని ఒక రైల్వే గార్డుగారి కొంప కూడా కలుపుకుని, మూడింటినీ ఒకే ఆదివారం మధ్యాహ్నం ఒకే ఇనప తాడుతో ముంచబోయాను. ఎలాగో చెబుతాను వినండి. నవ్వొస్తే నవ్వేయండి, మొహమాటపడకండి. ఆనాటి నన్ను తలుచుకుంటే నాకే జాలి కలగదు.

అరవైల నాటి మాట. నాకు ఇరవై రెండేళ్ళు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని, ఇంకా ప్రొబేషన్లోనే ఉన్నాను. మరో రెండు వారాల్లో పర్మినెంటు కాగితం రావాలి. మా నాన్న అదే వర్క్‌షాపులో బాయిలర్ల దగ్గర చెవులు పోగొట్టుకుని రిటైరయ్యాడు. మా ఇంట్లో 'పర్మినెంటు' అనే మాట దేవుడి పేరులా పలికేవారు. అమ్మ అయితే ఆ మాట అన్నప్పుడల్లా కళ్ళు మూసుకునేది. ప్రొబేషన్లో ఉన్నవాణ్ణి ఇంటికి పంపడానికి రైల్వేలో పెద్ద నేరమేమీ అక్కర్లేదు, ఎవరో ఒకరు ఒక్క కాగితం మీద నాలుగు ముక్కలు రాస్తే చాలు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను చూడండి, అదీ నా గొప్పతనం.

మా సన్నాసిరావు మావ అమ్మకి తమ్ముడు. ఎర్ర మొరం తవ్వించి రోడ్లకి వేయించే చిన్న కాంట్రాక్టరు. మిలటరీ వేలంలో ఒక పాత జీపు కొన్నాడు. వానాకాలంలో అది మొరం గోతుల దగ్గర దిగబడిపోవడం, పదిమంది కూలీలు దాన్ని తోయడం, మావ వాళ్ళని తిట్టడం, వాళ్ళు జీపుని తిట్టడం రోజూ ఉండేదే. ఒకరోజు మా ఇంటికొచ్చి అన్నాడు.

"ఒరే పైడిరాజూ, ముందు బంపరుకి వించి పెట్టుకుంటే బండిని అదే లాక్కుంటాదంట గదా. నువ్వు వర్క్‌షాపోడివి. మంచిదొకటి ఏరి పెట్టు."

వించి అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఒక డ్రమ్ము, దానికి చుట్టిన ఇనప తాడు, తిప్పడానికి ఒక హ్యాండిలు. తాడు కొస తీసుకెళ్ళి దేనికైనా గట్టిదానికి కట్టి హ్యాండిలు తిప్పితే, తాడు డ్రమ్ముకి చుట్టుకుంటూ జీపు బురదలోంచి పైకొస్తుంది. రావాలి.

గోల్‌బజారులో పాత ఇనప సామాన్లు అమ్మే ఘోష్ బాబు దగ్గరికి వెళ్ళాం. ఆయన కొట్లో రెండు వించీలు ఉన్నాయి. ఒకటి మిలటరీ జీపుదే, ఒళ్ళో పట్టేంత బుల్లిది. రెండోది ఎక్కడో కూలగొట్టిన క్రేనుది. నలుగురు ఎత్తితే గానీ లేవదు. నేను రెండోదాని మీద చెయ్యి వేశాను.

ఘోష్ బాబు కళ్ళజోడు పైకి నెట్టి నన్ను చూశాడు. "ఎటా జీప్, హాతీ నా!" అన్నాడు.

అది జీపేగానీ ఏనుగు కాదు అని ఆయన బాధ. జీపు బరువుకి ఒకటిన్నర రెట్లు లాగగలిగితే చాలని, అంతకన్నా పెద్దది పెడితే ఆ బరువుకే ముందు చక్రాలు దిగబడతాయని ఓపిగ్గా చెప్పాడు. నేను వినలేదు. క్రేను షాపు పక్కనుంచి రోజూ నడిచే మనిషికి ఒక సామాన్ల కొట్టువాడు పాఠం చెప్పడమా!

"పెద్దదైతేనే మంచిది మావా. ఒకసారి కొంటే మన మనవలదాకా పనిచేస్తాది."

"అలగే కానీ. నీకు తెలుస్తాది గదా," అన్నాడు మావ. నా మీద ఆయనకి ఉన్న ఆ నమ్మకాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఘోష్ బాబు పట్టు వదల్లేదు. తాడు బిగుసుకున్నప్పుడు దాని మీద తడిపిన గోనెసంచి వెయ్యాలన్నాడు. తాడు తెగితే కొరడాలా ఎగిరొచ్చి మనిషిని కోసేస్తుందట. సంచి బరువుంటే అక్కడే కింద పడుతుంది. వట్టి చేతులతో తాడు పట్టుకోకూడదు, దాన్ని దాటకూడదు, దానికి ఎదురుగా నిలబడకూడదు. ఇవన్నీ చెప్పి చివర్లో ఇంకొకటి అన్నాడు, తాడు కట్టేది కదలనిదై ఉండాలని. ఇది కూడా చెప్పాలా అని నేను మనసులో నవ్వుకున్నాను.

వించి బిగించాక జీపు ముక్కు నేలకి వంగింది. వెనక చక్రాలు కాస్త తేలినట్టయ్యాయి. మావ దూరంగా నిలబడి చూసి, "ఇదేట్రా, దండం పెడతన్నట్టున్నాది?" అన్నాడు. అలవాటైపోతుందన్నాను.

ఇక దాన్ని పరీక్షించాలి కదా. మామూలు మనిషి బండి దిగబడేదాకా ఆగుతాడు. నాకంత ఓపిక ఎక్కడిది? ఆదివారం మధ్యాహ్నం, అంతకుముందు రెండు రోజులు వాన కురిసి వెలిసింది. జీపెక్కి బురద వెతుక్కుంటూ బయల్దేరాం. ట్రాఫిక్ కాలనీ దాటి నిమ్‌పురా వైపు వెళితే, యార్డు చివర ఖాళీ డబ్బాలు నిలిపే ఒక సైడింగు ఉంది. పట్టాలు అక్కడితో ఆఖరు. బండి దాటిపోకుండా పాత స్లీపర్లతో అడ్డంగా దిమ్మ కట్టారు. ఆ దిమ్మకి ఇవతల పల్లపు నేల. అక్కడ బురద ఎంత చక్కగా ఉందో చెప్పలేను.

"సరిపోతాదేట్రా?" అన్నాడు మావ.

"కాస్త ముందుకి పోనీ మావా. ఇంకాస్త. ఇంకొంచెం."

జీపు దిగబడింది. దిగబడటమంటే అలాంటిలాంటిది కాదు, ముందు చక్రాలు పూర్తిగా మాయమైపోయాయి. ఘోష్ బాబు చెప్పిన బరువు నిలువునా కిందికి లాగేసింది. దిగుతుంటే మావ కాలి చెప్పు ముందు చక్రం పక్కన బురదలో ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది.

"పోనీలే మావా, ఇప్పుడు సూడు తమాషా," అని నేను తాడు లాక్కుంటూ బయల్దేరాను. చుట్టూ చూస్తే చెట్టు లేదు, గట్టి స్తంభం లేదు. ఉన్నదల్లా ఒక్కటే. దిమ్మకి అవతల, పట్టాల మీద, ఒంటరిగా నిలబడి ఉన్న బ్రేక్ వ్యాను. గూడ్సు బండి చివర గార్డు కూర్చునే డబ్బా. టన్నుల కొద్దీ ఇనుము. నా గుండె ఉప్పొంగింది.

"దీన్ని మించిన బరువు ఖరగ్‌పూర్లో లేదు మావా! దీనికి కట్టేస్తన్నాను."

"రైల్వే సామాను గదరా, ఏటీ అవదు గదా?"

"దాన్ని కదపాలంటే ఇంజనుండాల. జీపుకేటి, ఏనుక్కి కూడా అవదు."

అయ్యా, నేను రైల్వేవాణ్ణి. మా నాన్న రైల్వేవాడు. రైలు డబ్బాకి కింద చక్రాలుంటాయని, ఆ చక్రాలు దొర్లడం కోసమే ఉంటాయని, అవి సరిగ్గా దొర్లేలా చూసినందుకే నాకు జీతం ఇస్తున్నారని, ఆ నిమిషంలో నాకు తట్టలేదు. పుట్టి పెరిగిన ఊళ్ళో పాలమ్మే దీదీని అడిగినా చెప్పేది.

మిగతా జాగ్రత్తలన్నీ తు.చ. తప్పకుండా పాటించాను సుమా. చేతులకి తోలు తొడుగులు వేసుకున్నాను. తాడు మీద తడి గోనెసంచి పరిచాను. మావని పక్కనుంచి హ్యాండిలు తిప్పమని, నేను దూరంగా నిలబడి పర్యవేక్షణ మొదలెట్టాను. క్రేను వించి కదా, ముప్పై సార్లు తిప్పితే జానెడు తాడు చుట్టుకుంటుంది. మావ వ్యాను వైపు వీపు పెట్టి, చెమటలు కక్కుతూ తిప్పుతున్నాడు.

"వస్తందేట్రా?"

"వస్తంది మావా, తాడు బాగా చుట్టుకుంటంది! తిప్పు!"

కాసేపయ్యాక మళ్ళీ అడిగాడు. "మనం ముందుకెల్తన్నామా?"

నేను వ్యాను వైపు చూశాను. ఇందాకటికన్నా చాలా దగ్గరికొచ్చింది. "ఎల్తన్నాం మావా! డబ్బా దగ్గరకొచ్చేసింది!"

మావ తిప్పడం ఆపకుండా కిందికి చూశాడు. "మరి నా సెప్పు ఇక్కడే ఉన్నాదేట్రా?"

చెప్పు వైపు చూశాను. జీపు చక్రం వైపు చూశాను. రెండూ పొద్దుటి నుంచీ ఒక్కచోటే కాపురం ఉన్నట్టు పక్కపక్కనే ఉన్నాయి. మళ్ళీ వ్యాను వైపు చూశాను. అది ఇంకా దగ్గరికొచ్చింది. అప్పుడు తెలిసింది, కదులుతున్నది మేం కాదని.

నేను నోరు తెరిచేలోగా వ్యాను పక్కనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. ఆ చేతిలో పచ్చజెండా. చాలా నిబ్బరంగా, రూలు ప్రకారం, ఊగుతోంది.

లోపల మనిషున్నాడు!

జెండా వెనకాల తల కూడా బయటికొచ్చింది. అన్నం కలిపిన రెండో చెయ్యి గాల్లో ఉంది. ఆ తల చూడగానే నా పర్మినెంటు కాగితం నా కళ్ళముందే చిరిగిపోయింది. ఆయన ట్రాఫిక్ కాలనీ గార్డు అప్పలనరసయ్యగారు. పట్టాలు అడ్డంగా దాటాడని సొంత బావమరిది మీదే రిపోర్టు రాసిన మనిషి. డబ్బాల్ని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మార్చే షంటింగు ఇంజను వస్తోందని కబురొస్తే హ్యాండు బ్రేకు విప్పేసి, ఈలోగా రెండు ముద్దలు తిందామని కూర్చున్నారట. వ్యాను కదిలింది. ఇంజను తగిలించారు కాబోలనుకుని, భోజనం మధ్యలో లేచి కూడా డ్యూటీ మరవకుండా పచ్చజెండా చూపించారు.

ఆయన జెండా ఊపుతూనే ఇంజను కోసం చూశారు. ఇంజను లేదు. మెడదాకా మునిగిన జీపు, హ్యాండిలు తిప్పుతున్న ఒక లావుపాటి వీపు, నోరు తెరుచుకున్న నేను కనిపించాం.

"ఒరే! ఎవుర్రా మీరు? నా ఇంజనేదిరా?"

"గార్డు బాబూ, బ్రేకు! బేగి బ్రేకు తిప్పండి బాబూ!"

అక్కడ పట్టాలు కొంచెం వాలుగా ఉన్నాయి. వ్యాను ఇప్పుడు మా సాయం లేకుండానే దొర్లుకుంటూ వస్తోంది. ఇంకెవరైనా అయితే బ్రేకు మీద పడేవారు. అప్పలనరసయ్యగారు ముందు పచ్చజెండా లోపల పెట్టారు. ఎర్రజెండా తీశారు. దాన్ని విప్పి జీపుకి చూపించారు. విజిలు ఊదారు. జీపు ఆగలేదు, ఎందుకంటే అది కదలనేలేదు. ఆ తర్వాత లోపలికెళ్ళి బ్రేకు చక్రం తిప్పారు. కీచుమంటూ వ్యాను దిమ్మకి నాలుగడుగుల దూరంలో ఆగింది.

ఇంత జరుగుతున్నా మావకి తెలీదు. తాడు వదులవడంతో ఆయనకి హుషారొచ్చింది. "ఇప్పుడు తేలిగ్గా వస్తందిరా!" అంటూ ఇంకా జోరుగా తిప్పాడు. తాడు మళ్ళీ బిగిసింది. ఈసారి వ్యాను బ్రేకు మీదుంది. జీపు గుర్రుమంటూ బురదలోంచి లేచి గట్టి నేల మీదికొచ్చేసింది.

"వచ్చేసిందిరా! నీ డబ్బా కొండలాగ నిలబడ్డాదిరా!" అని గెంతుతూ మావ వెనక్కి తిరిగాడు. ఎదురుగా గార్డుగారు.

గార్డుగారు జేబులోంచి పుస్తకం, పెన్సిలు తీశారు.

"పేరేటి?"

చెప్పాను.

"ఎవుడి కొడుకువి?"

చెప్పాను.

"ఏ షాపు? పర్మినెంటా?"

"ప్రొబేషను బాబూ. రెండు వారాల్లో..." నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కనిపించింది ఉద్యోగం కాదు, కళ్ళు మూసుకున్న మా అమ్మ మొహం. "తప్పయిపోనాది బాబూ. నాన్నకి తెలిస్తే సచ్చిపోతాడు."

ఆయన వినలేదు. పెన్సిలు నాలికతో తడిపి రాస్తూ ఉన్నారు. రెండు మూడు పంక్తులు గబగబా రాశారు. ఉన్నట్టుండి పెన్సిలు ఆగిపోయింది. రాసింది ఒకసారి చదువుకున్నారు. మళ్ళీ చదువుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

అంతలో అవతలి వైపు నుంచి పొగ చిమ్ముకుంటూ షంటింగు ఇంజను వచ్చింది. మా తాడు ఇంకా వ్యాను కొక్కేనికే ఉంది. మావ చటుక్కున వెళ్ళి దానికి అడ్డంగా పంచె పరిచి నిలబడ్డాడు. డ్రైవరు కిందికి దిగి, వ్యానుని, దిమ్మని, మమ్మల్ని చూశాడు.

"ఏటి గార్డు బాబూ, వ్యాను ఆడుండాల గదా? ఇక్కడికెలగొచ్చినాది?"

అప్పలనరసయ్యగారు పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు. కోటు సర్దుకున్నారు.

"నీకోసం సూసి సూసి, నువ్వెంతకీ రాకపోతే నానే బయల్దేరిపోనాను," అన్నారు.

డ్రైవరు పగలబడి నవ్వాడు. అప్పలనరసయ్యగారు హాస్యమాడారని ఆ వారమంతా యార్డులో చెప్పుకున్నారట. ఆయన హాస్యమాడటం అదే మొదలు, అదే ఆఖరు.

ఈ సందట్లో మావ కొక్కేనికున్న తాడు విప్పేశాడు. ఇంజను తగిలించారు, వ్యాను కదిలింది. అది మా పక్కనుంచి దూరమవుతుండగా గార్డుగారు చెయ్యి చాపి పుస్తకంలోంచి చింపిన కాగితం ఒకటి నా మీద పడేశారు. విప్పాను. మొదటి పంక్తిలో నా పేరు, నాన్న పేరు, షాపు. తర్వాత ఇలా ఉంది: "పై వ్యక్తి జీపునకు తాడు కట్టి నా వ్యానును లాగుచుండగా, నేను సదరు జీపునకు పచ్చజెండా చూపి..." అక్కడితో వాక్యం ఆగిపోయింది. దాని కింద పెద్ద అక్షరాలతో: "మీరు నోరు మూసుకొనవలెను. నేనును మూసుకొందును."

రెండు వారాలకి నేను పర్మినెంటయ్యాను. అమ్మ కళ్ళు తెరిచి నవ్వింది. క్రేను వించిని ఘోష్ బాబుకి తిరిగిచ్చేసి బుల్లిది తెచ్చుకున్నాం. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి చూశాడంతే. మేం ముగ్గురం మాట తప్పలేదు. ఇప్పుడు గార్డుగారూ లేరు, మావా లేడు. నాకు పెన్షనొస్తోంది, ఇక ఎవరు రిపోర్టు రాసినా భయం లేదు గనక నోరు విప్పాను.

అయినా మనిషన్నాక ఒక ప్రమాణం ఉండాలి. పాఠక మహాశయులందరి సమక్షంలో, చేతికి తోలు తొడుగు వేసుకుని మరీ ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ చక్రాలున్న దేనికీ తాడు కట్టి, అది కదలదని వాదించను. తప్పనిసరై కట్టవలసి వస్తే, ముందు తలుపు తట్టి, లోపల ఎవరైనా భోజనం చేస్తున్నారేమో కనుక్కుంటాను.