పిస్తోలు ఎటు చూసింది

మా ఆఫీసు పక్క భవనంలో చెక్కపని జరుగుతోంది. గాలితో మేకులు దిగగొట్టే యంత్రం రోజంతా మోగుతుంది. ముందు చిన్న బుస, వెంటనే పొడిగా ఒక దెబ్బ. మిగతావాళ్లు తిట్టుకుంటూ చెవులు మూసుకుంటారు. నాకు మాత్రం సుగుణ టీచర్ గుర్తొస్తారు. ఆవిడతో పాటు, ఆవిడ మీద నాకు ఇంకా తీరని విసుగూ తిరిగొస్తుంది.

టీచర్‌ది గోపన్‌పల్లి. ప్రభుత్వ బడిలో ఆటలు నేర్పి రిటైరయ్యాక, ఇంటికి దగ్గర్లో గాలితోనే గుండు వదిలే ఎయిర్ పిస్తోళ్ల షూటింగ్ రేంజ్‌ని చూసుకునేవారు. రేకుల షెడ్డు, నాలుగు వరసలు, అవతలి గోడకు గురి చూసే కాగితాలు, ఇవతల నిలబడేచోట నేల మీద ఎర్ర గీత. ఆఫీసులో రోజూ ఎవరితోనో ఒకరితో గొడవపడే నేను, కాస్త మనసు కుదుటపడుతుందని ఆదివారాలు అక్కడ చేరాను. మొదటి మూడు వారాలూ ఆవిడ నాకు పిస్తోలే ఇవ్వలేదు. వెనక బెంచీ మీద కూర్చుని చూడమన్నారు. ఏం చూడాలండీ అని అడిగితే, ఎవరెవరు పిస్తోలు ఎప్పుడు కింద పెడుతున్నారో చూడమన్నారు. ఉన్న నియమాలు పావుగంటలో బట్టీ పట్టేయొచ్చు. గొట్టం ఎప్పుడూ గురి వైపే ఉండాలి. అందరూ పిస్తోళ్లు బల్ల మీద పెట్టాక, టీచర్ సరే అన్నాకే ఎవరైనా గీత దాటాలి. ఇంతోటి దానికి మూడు ఆదివారాలా అని లోపల ఉడికిపోయాను.

నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం, పక్క వరసలోకి ఏదో కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాయన వచ్చారు. వచ్చినప్పటి నుంచీ ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నారు. రెండుసార్లు టీచర్ వద్దన్నారు, రెండుసార్లూ తలూపారు. నేను పిస్తోల్లో గుండు పెట్టి గురి చూస్తున్నాను. ఆయన ఫోన్ చెవిన పెట్టుకునే, తన గురి కాగితం తెచ్చుకోవడానికి నింపాదిగా గీత దాటి నడిచారు. నా కంటి కొసన చొక్కా కదిలింది. ఆ మరుక్షణమే ఒళ్లు మండింది. అటు తిరిగి, బుద్ధుందా మీకు అని అరిచాను.

"ఏంది లొల్లి? నా లైన్ల నేను పోతున్న. మీకేంది?" అన్నారాయన.

నేను మరో నాలుగు మాటలు అన్నాను. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. టీచర్ పరుగెత్తలేదు. నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

"ప్రసన్నా, చేతిలది బల్ల మీద పెట్టు."

తప్పు చేసింది అతనైతే నాకు చెబుతారేంటండీ అన్నాను. అదే గొంతుతో అదే మాట మళ్లీ అన్నారు. మూడోసారి అన్నప్పుడు నా చెయ్యి చూసుకున్నాను. గుండున్న పిస్తోలు ఆయన కడుపు వైపు ఉంది.

కింద పెట్టాను. అప్పుడు టీచర్ ఆయన వైపు తిరిగి, గీత వెనక్కి రమ్మన్నారు. ఓనర్‌కు ఫిర్యాదు చేస్తానని, బళ్లో డ్రిల్లు చేయించే ఆవిడకు ఇవేం తెలుసని ఆయన ఏమేమో అన్నారు. "చెప్పుకోండి సార్. ముందు గీత వెనకకు రండి," అన్నారు టీచర్. ఎన్ని మాటలన్నా ఆవిడ జవాబు అదొక్కటే. చివరికి ఆయనకే విసుగొచ్చి వెనక్కి వచ్చారు.

ఆయన్ను ఒక నెల రావద్దన్నారు. నన్నూ ఒక నెల రావద్దన్నారు.

అందరూ వెళ్లేదాకా ఆగి, ఇదేం న్యాయమండీ అని నిలదీశాను.

"ఆయన తప్పు ఆయనకుంటది. నీ పిస్తోలు ఎటు చూసింది, గదొక్కటి చెప్పు," అన్నారు.

మీకు అసలు కోపమే రాదా అన్నాను. ఆవిడ ఫ్లాస్కులోంచి చాయ్ పోస్తున్నారు. సగం కప్పు పక్కన, బల్ల మీదే పోశారు.

"రాలేదనుకుంటున్నవా? లోపల మస్తు తిట్టిన. ఇద్దరు కోపంల ఉన్నరు, మూడోదాన్ని నేను గూడ అయితే ఇగ తుపాకులు ఎవరు చూస్తరు?"

తర్వాత రెండేళ్లు ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మోకాళ్లు సహకరించక ఆవిడ రేంజ్ మానేశారు. నేనూ మానేశాను.

మొన్న మేం చేస్తున్న సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఒకటి ఆగిపోయింది. మా మేనేజర్ మాట మార్చి తప్పంతా మా టీమ్ మీదకు నెట్టాడు. పళ్లు కొరుకుతూ ఒక మెయిల్ రాశాను. పంపబోతూ ఆగి చదివితే, అందులో మేనేజర్‌ను అన్నది ఒక్క వాక్యమే. మిగతాదంతా, సాఫ్ట్‌వేర్‌లో తప్పుందని నిజం చెప్పిన పాపానికి, కొత్తగా చేరిన టెస్టర్‌కు తగిలేలా ఉంది. తుడిచేసి, మేనేజర్ గదికి వెళ్లి ఎదురుగా కూర్చుని మాట్లాడాను. అరవకుండా మాట్లాడటానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

ఆ నెల శిక్ష అన్యాయమని ఇప్పటికీ అనుకుంటాను. టీచర్ కనిపిస్తే మళ్లీ వాదిస్తాను. కాకపోతే, నోరు తెరిచే ముందు చేతులు ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకుంటాను.